ఫుట్‌నోట్‌లో బోలెడు చోటుంది, రండమ్మా

ముందే చెప్పేస్తున్నాను, నేను మహిళాభ్యుదయానికి వ్యతిరేకిని కాను. మా ఇంట్లోనూ ఆడవాళ్లున్నారు. సూపర్ కంప్యూటింగ్‌లో, అంటే మహా వేగంగా లెక్కలు కట్టే కంప్యూటర్ల రంగంలో, ఆడవాళ్లు తక్కువ, అమ్మాయిలకి ఆదర్శంగా చూపిద్దామంటే ఎవరూ దొరకట్లేదు అని ప్రతి సదస్సులోనూ పెద్దలు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ బాధపడుతుంటే చూడలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. చోటు లేదనడం అన్యాయం. మొదట్నుంచీ ఉంది. కాకపోతే పేజీలో కాస్త కిందికి ఉంది.

1946 ఫిబ్రవరి తీసుకోండి. ఫిలడెల్ఫియాలో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబుల ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ యంత్రాన్ని లోకానికి చూపించారు. ఫిరంగి గుండు గాల్లో 30 సెకన్లు పోయే దారిని ఆ యంత్రం 20 సెకన్లలో లెక్కకట్టేసింది, అంటే గుండు నేల మీద పడేలోపే లెక్క చేతికొచ్చింది. ఆ లెక్కని యంత్రానికి ఎక్కించింది బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్. వాళ్లతోపాటు కే మెక్‌నల్టీ, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్, మొత్తం ఆరుగురు. మాన్యువల్ లేదు, ప్రోగ్రామింగ్ భాషలు ఇంకా రాలేదు, సర్క్యూట్ బొమ్మలు చేతిలో పెట్టి నేర్చుకోండమ్మా అన్నారు, వాళ్లు నేర్చేసుకున్నారు. ప్రదర్శన బ్రహ్మాండంగా అయింది. ఆ రాత్రి పెద్దలంతా విందుకి వెళ్లారు, వీళ్లని పిలవలేదు. దీన్ని అవమానం అంటారు కొందరు. ఏం, మన పెళ్లిళ్లలో వంటవాళ్లు మొదటి బంతిలో కూర్చుంటారా?

1980ల్లో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని ఆ పాత ఫోటోలు పట్టుకుని, యంత్రం పక్కన నిలబడ్డ ఈ ఆడవాళ్లెవరని ఆరా తీసింది. ఫ్రిజ్ ప్రకటనల్లో తలుపు పట్టుకుని నవ్వుతుంటారే, అలాంటి మోడల్స్ అని జవాబొచ్చింది. చూశారా, వాళ్లు మోడల్స్ అని మనవాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. ముందు ‘రోల్’ అని చేర్చడమే మిగిలింది, దానికి ఇంత గొడవ.

అసలు మన రంగంలో కృతజ్ఞతకి లోటే లేదు. ప్రపంచంలో తొలిసారి కంప్యూటర్ మీద వాతావరణాన్ని లెక్కకట్టిన పత్రం 1950లో వచ్చింది. ఈరోజు బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే అది కాకినాడ వైపా, ఒడిశా వైపా అని టీవీలో గీత గీసి చెప్తున్నారంటే ఆ లెక్కల వంశానికి మూలపురుషుడు ఆ పత్రమే. మూలపురుషుడనే అన్నాను, గమనించండి. రచయితలు చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, వాన్ నోయ్‌మన్. ఎనియాక్‌కి కోడ్ ఎలా రాయాలో నేర్పించి, చివరి కోడ్ సరిచూసిపెట్టిన క్లారా వాన్ నోయ్‌మన్‌కి ధన్యవాదాలు చెప్పారు. అమెరికాలో లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఫెర్మీ, పాస్తా, ఉలాం మానియాక్ అనే కంప్యూటర్ మీద చేసిన ఒక ప్రయోగం గురించి 1955లో నివేదిక వచ్చింది, భౌతికశాస్త్రంలో ఒక సమస్యకి వాళ్ల ముగ్గురి పేర్లే స్థిరపడిపోయాయి. కోడ్ రాసి, యంత్రం మీద నడిపింది మేరీ సింగూ. సమర్థంగా చేసినందుకు ఆమెకీ ఒక ఫుట్‌నోట్‌లో ధన్యవాదాలు. 1963లో లోరెంజ్ కేయాస్ మీద, అంటే మొదట్లో వెంట్రుకవాసి తేడా చివర్లో కొండంత కావడం మీద, పత్రం రాశాడు, లెక్కలు చేసి గ్రాఫులు గీసిపెట్టిన ఎలెన్ ఫెటర్‌కి, అవును, మళ్లీ ధన్యవాదాలే.

ఇంతకన్నా ఏం కావాలి? మన శుభలేఖల మీద ‘శ్రీమతి అండ్ శ్రీ వెంకట్రావు’ అని వేస్తాం కదా. ఆ శ్రీమతికి పేరుందా అని ఎవరైనా అడిగారా? ఆవిడ వచ్చి గొడవ చేసిందా? మేరీ సింగూ కూడా చేయలేదు. పెళ్లయ్యాక మేరీ మెన్జెల్ అయింది. ఆ సమస్యకి ఆమె పేరు కూడా కలపాలని 2008లో తియరీ దోజ్వా అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పట్టుబట్టేవరకూ, అంటే 53 ఏళ్లపాటు, లోకం హాయిగానే నడిచింది.

బహుమతులు కూడా ఇస్తున్నాం. ఫ్రాన్సెస్ అలెన్ అని ఒకావిడ, చదువు అప్పు తీర్చేసి మళ్లీ బళ్లో పాఠాలు చెప్పుకుందామని 1957లో ఐబీఎంలో చేరి, 45 ఏళ్లు అక్కడే ఉండిపోయింది. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రం భాషలోకి మార్చే కంపైలరే చూసుకుని వేగంగా పరిగెత్తించే పద్ధతులు, ఒకే పనిని చాలా ప్రాసెసర్లకి పంచే ఉపాయాలు ఆవిడ చలవే. కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు, 2006ది, ఆవిడకిచ్చారు. 1966 నుంచి ఇస్తున్న అవార్డు, 40 ఏళ్లు జాగ్రత్తగా గాలించి మొదటి ఆడమనిషిని పట్టుకున్నారు. ఆ తర్వాత 2008లో బార్బరా లిస్కోవ్, 2012లో షఫీ గోల్డ్‌వాసర్. ఆరేళ్లలో ముగ్గురు. కాస్త తొందరపడ్డారేమో అని నాకు అప్పట్లోనే అనిపించింది.

ఇక యంత్రాల పేర్ల సంగతికొస్తే మనకి సాటి లేదు. బర్క్‌లీలో సూపర్ కంప్యూటర్లకి హాపర్ అనీ, కోరి అనీ ఆడ శాస్త్రవేత్తల పేర్లు పెట్టారు, ఇప్పుడు డౌడ్నా వంతు. జీవరసాయన శాస్త్రవేత్త గెర్టీ కోరి ఏళ్ల తరబడి భర్త జీతంలో ఏ మూలకో వచ్చే డబ్బుకి పనిచేసి, 1947లో నోబెల్ వచ్చిన ఏడాదే పూర్తి ప్రొఫెసర్ అయింది. అదే ఆవిడ పేరు పెట్టిన యంత్రాన్ని చూడండి, 2023లో రిటైరయ్యేదాకా కరెంటు, ఏసీ, రాత్రింబవళ్లు సేవకి మనుషులు. మన దేశంలోనూ ఐఐటీ ఖరగ్‌పూర్‌లో పరమ్ శక్తి ఉంది. హైదరాబాద్ ఐఐటీలో ఉన్నదాని పేరు పరమ్ సేవ. శక్తి అన్నాం, సేవ అన్నాం. ఇంకా ఆడవాళ్లని పట్టించుకోలేదంటే ఎలా?

ఒక్క సమస్య మాత్రం నిజమే. ప్యానెల్‌కి ఆడమనిషి దొరకదు. నిర్వాహకులు శక్తివంచన లేకుండా వెతుకుతారు, అంటే పక్క సీటాయన్ని అడుగుతారు, ఆయనా ఎవరూ గుర్తురావట్లేదంటాడు. చివరికి ఐదుగురు మగవాళ్లు కూర్చుని ఆడవాళ్లెందుకు రావట్లేదో గంటన్నర చర్చిస్తారు, వెనక తెర మీద లీసా సూ ఫోటో. ఆవిడ నడిపే ఏఎండీ చిప్‌లతో పనిచేసే ఫ్రాంటియర్ అనే సూపర్ కంప్యూటర్ 2022లోనే సెకనుకి ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు దాటేసింది. ఆ యంత్రాన్ని ఓ పూట అద్దెకి తీసుకుని వెతికితే, ప్యానెల్‌కి ఒక ఆడమనిషి దొరక్కపోతుందా అని నా ఆశ. పిల్లల్ని చూసుకునే గది ఒకటి పెడితే వాళ్లే వస్తారని ఎవరో అన్నారు గానీ బడ్జెట్ ఉండదండీ. మార్చి 8న గులాబీలకీ, ముగ్గుల పోటీ బహుమతులకీ అయిపోతుంది.

ఈ వ్యాసంలో తేదీలూ అంకెలూ మా అమ్మాయి సరిచూసింది. తనూ ఈ లైన్లోనే, తుపానుల మోడల్స్ నడుపుతుంది. నేను ఎనియాక్‌ని 1956 అని రాస్తే పదేళ్లు వెనక్కి జరిపింది, శుభలేఖ ముక్క కూడా తను చెప్పిందే. సమర్థంగా చేసిందని ఒప్పుకోవాలి. పేరు వేద్దామనే అనుకున్నాను గానీ పైన నా పేరూ, ఫోటో వేసేసరికి