విమానం ఎక్కబోయిన జంతికల నూనె

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర్నుంచి మెయిన్ రోడ్డు దాకా నా స్కూటర్ వెనకాల ఏడు కుక్కలు వచ్చాయి. మొరగలేదు, మీద పడలేదు. పెళ్లి ఊరేగింపులో మగపెళ్లివారిలాగా తొందర లేకుండా, తోకలు ఊపుకుంటూ, మధ్యమధ్యలో రోడ్డు నాకుతూ వచ్చాయి. ఎందుకొచ్చాయో చెప్పాలంటే సంక్రాంతి దాకా వెనక్కి వెళ్లాలి.

మాది విశాఖపట్నం. 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, దానికి నేను సెక్రటరీని. ఎన్నికేం జరగలేదు, మీటింగుకి ఆ రోజు నేను ఆలస్యంగా వెళ్లాను, అంతే. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు నుంచి ఏ ఫ్లోర్‌లో లిఫ్టు తలుపు తెరుచుకున్నా కాగుతున్న నూనె వాసనే. జంతికలు, చెక్కలు, పోకుండలు, అరిసెలు. మా ఇంట్లో ఆ శాఖ మొత్తం మా అత్తగారిది. ఆవిడ మూకుడు పెట్టారంటే అందులో మూడు లీటర్ల నూనె పడాల్సిందే, అరిసె ఈదాలి గానీ నడవకూడదు అంటారు.

ఆ నాలుగు రోజుల్లో ఒక రాత్రి ఫోన్ చూస్తుంటే ఒక వార్త కనిపించింది. ఇండియన్ ఆయిల్ వాళ్ల పానిపట్ రిఫైనరీకి, వాడేసిన వంట నూనె నుంచి విమానాల ఇంధనం తయారు చేసేందుకు 2025 ఆగస్టులో అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చిందట. మన దేశం నుంచి విదేశాలకు వెళ్లే విమానాల్లో ఇలాంటి ఇంధనం 2027లో 1 శాతం, 2028లో 2 శాతం కలపాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుందట. నూనెకి హైడ్రోజన్ పట్టించి, అందులోని ఆక్సిజన్‌ని లాగేసి, పొడుగు అణువుల్ని విమానానికి సరిపడేలా తుంచుతారు. అంటే జంతికలు వేయించిన నూనే, కాస్త చదువుకుని విమానం ఎక్కుతుందన్నమాట.

నాకు నిద్ర పట్టలేదు. 24 ఫ్లాట్లు, ఫ్లాటుకో లీటరు వేసుకున్నా... పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను: "పండగ నూనె సింకులో పోయకండి. సెక్రటరీ ఫ్లాటులో ఇవ్వండి. దేశానికి ఇంధనం."

మొట్టమొదటి అడ్డంకి మా ఇంట్లోనే వచ్చింది.

"పారబోసేదెవరు అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు. "వడగట్టి పోపుకి వాడతాను. పోపుకి పనికిరాకపోతే అట్ల పెనానికి. దానికీ పనికిరాకపోతే తులసికోట దగ్గర దీపానికి."

"దీపానికి కూడా పనికిరాకపోతే?"

"అంతవరకూ నూనె ఎక్కడ మిగులుతుందండీ?"

ఈ లెక్క ఏ ఆయిల్ కంపెనీ బోర్డు మీటింగులోనూ వచ్చి ఉండదు. భూమి లోపల ఎంత నూనె ఉందో వాళ్లు పైనుంచే చెప్పేయగలరు, మా అత్తగారి వంటింట్లోంచి ఎంత బయటికొస్తుందో మాత్రం చెప్పలేరు.

నేను విడమర్చి చెప్పాను. ఒకే నూనె మళ్లీ మళ్లీ కాస్తే అందులో పోలార్ కాంపౌండ్లని చేరతాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రత వాళ్ల రూలు, అది 2018 జులై నుంచే ఉంది, పైగా ఇప్పుడు పెట్రోల్ కంపెనీలే ఈ నూనె కోసం తిరుగుతున్నాయి అని. ఆవిడ అంతా విని ఒక్కటే అన్నారు. మా మామగారు కాల్టెక్సులో చేసేవారు. 1957లో మల్కాపురం వైపు మొదలైన రిఫైనరీ అది, తర్వాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చింది, పాతవాళ్లకి మాత్రం ఇప్పటికీ కాల్టెక్సే. "మీ మామగారు ముప్పై ఏళ్లు అక్కడ నూనె కాచారు. ఒక్క చుక్క ఇంటికి తేలేదు. ఇప్పుడు వాళ్లొచ్చి నా మూకుట్లోది అడుగుతున్నారా?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ మధ్యలో కల్పించుకుని "ఏవండీ, అమ్మ నూనె జోలికి వెళ్లకండి" అంది. చివరికి రాజీ కుదిరింది. అరిసెల నూనె ఆవిడది, జంతికల నూనె దేశానిది.

మా బావమరిదికి ఈ సంగతి తెలిసి ఫోన్‌లోనే నవ్వాడు. "ఇదంతా షో బావా. బ్రిటన్ చమురు కంపెనీ బీపీ వాళ్లు 2000లో పెట్రోలియానికి అవతల ఏముందో చూస్తామని చెప్పి, పొద్దుతిరుగుడు పువ్వులాంటి బొమ్మ పెట్టుకున్నారా, 2025 ఫిబ్రవరికి మళ్లీ చమురు, గ్యాస్ మీదే డబ్బు పెంచుతామన్నారు. షెల్ వాళ్లు రాటర్‌డామ్‌లో జీవ ఇంధనాల ప్లాంటు సగం కట్టి 2024లో ఆపేశారు, ఇక కట్టేది లేదని మరుసటి ఏడాది తేల్చేశారు. అంతంత వాళ్లే వెనక్కి పోతుంటే నువ్వు గిన్నె పట్టుకుని బయల్దేరావా?" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఫిన్లండ్‌లో నెస్టే అనే కంపెనీ ఉంది, 1948లో పుట్టిన మామూలు చమురు కంపెనీయే, ఇవాళ వాడేసిన నూనెలూ కొవ్వులతో డీజిల్ చేసి ప్రపంచానికి అమ్ముతోంది. ఇది చెప్పేలోపు వాడు ఫోన్ పెట్టేశాడు. పువ్వు మాట మాత్రం నా బుర్రలో ఉండిపోయింది, మా వంటింట్లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ మీదా అదే పువ్వు కదా.

అయినా పంటలతో బండి నడవడం మనకి కొత్తేం కాదు. ఇప్పుడు బంకులో పోయించుకునే పెట్రోల్‌లో అయిదో వంతు ఇథనాలే, చెరకు నుంచో, మొక్కజొన్న నుంచో, నూకల నుంచో తీసింది. అంటే నా స్కూటర్ ఏడాదిగా ఉప్మా తింటోంది. అందుకేనేమో మధ్యాహ్నం పూట ఎత్తు ఎక్కడానికి బద్ధకిస్తోంది.

కనుమ నాటికి నూనె రావడం మొదలైంది. నేను అనుకున్నట్టు కాదు. 203 వాళ్లు తెచ్చిన సీసాలో సగం నూనె, సగం ఆవపిండి, అడుగున రెండు మాగాయ ముక్కలు. 302 ఆవిడ గిన్నె కడిగిన నీళ్లు కూడా అందులోనే పోశారు, వేస్టు కాకూడదని. ఇదే నూనెతో బండ్లకి పోసే బయోడీజిల్ కూడా చేస్తారు, అది చేసేటప్పుడు మిథనాల్, కాస్త క్షారం కలుపుతారు, అందులో నీళ్లుంటే డీజిల్ అవడం మానేసి సబ్బవుతుందని చెప్తే, "సబ్బయితే ఇంకా మంచిదే కదండీ" అని వెళ్లిపోయారు. 104లో ఉండే కుర్రాడు నల్లగా ఉన్న డబ్బా ఒకటి ఇచ్చాడు. వాసన చూస్తే బైక్ ఇంజిన్ ఆయిల్. "నూనే అన్నారుగా అంకుల్." దాన్ని పక్కన పెట్టాను. 301 పెద్దాయన మాత్రం అరలీటరు శుభ్రంగా వడగట్టి, మూత మీద ఫ్లాటు నంబరు రాసి మరీ ఇచ్చారు. వాళ్లబ్బాయి డాలస్‌లో ఉంటాడు. "మా నూనె ఆ రూటులో పోయేలా చూడండి సార్" అన్నారు, నవ్వకుండా.

మొత్తం 16 లీటర్లు. మూత పోయిన పాత వాటర్ క్యాన్‌లో పోసి, పైన పాలిథిన్ కవరు కట్టి, రబ్బరు బ్యాండు వేశాను. ఈ నూనె కొనేవాళ్ల నంబరు పట్టుకుని ఫోన్ చేస్తే, "మేము హోటళ్ల దగ్గరే ఎత్తుతాం సార్, ఇళ్లకి రాం, మీరే తెస్తే తీసుకుంటాం" అన్నాడు. అదీ నిజమే. 16 లీటర్ల కోసం వ్యాన్ పంపిస్తే డీజిల్ తయారీకే డీజిల్ అయిపోతుంది. వాడేసిన నూనెతో చేసిన బయోడీజిల్‌ని మన ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు 100 నగరాల్లో కొంటామని 2019 ఆగస్టు 10న ప్రకటించినప్పుడు మొదటి ఏడాది ధర లీటరుకి 51 రూపాయలు పెట్టాయి. ఆ 51లోనే ఇల్లిల్లూ తిరగడం, వడగట్టడం, వండడం, మళ్లీ లాభం. ప్లాంటు కట్టడం తేలికే అనిపిస్తుంది నాకు, ఈ సీసాలు పోగుచేయడమే కష్టం.

సరే, ఆదివారం నేనే బయల్దేరాను. క్యాన్ స్కూటర్ ముందు కాళ్ల మధ్య పెట్టుకున్నాను. క్యాన్ అడుగున వెంట్రుకవాసి చీలిక ఉందని నాకు తెలియదు. జంతికల నూనె, పైగా వామూ నువ్వులూ వేసినవి, బొట్టుబొట్టుగా వెనకాల ముగ్గు వేసుకుంటూ పోతోందన్నమాట. మొదటి సందులో ఒక నల్లకుక్క లేచింది. రెండో సందులో మరో మూడు. అద్దంలో చూసి, రోజూ బిస్కెట్లు వేసే మనిషిననుకున్నాయేమోలే అనుకున్నాను. నేనెప్పుడూ వేసింది లేదు.

మా రోడ్డు మెయిన్ రోడ్డులో కలిసే చోట దిగుడు ఉంటుంది, విశాఖలో దిగుడు లేని రోడ్డెక్కడుంది లెండి. అక్కడ స్పీడ్ బ్రేకర్ చూసి వెనక బ్రేకు తొక్కాను. అప్పటికే వెనక టైరు నిండా నూనె. స్కూటర్ ఆగలేదు, నెమ్మదిగా అడ్డం తిరిగింది, వాలింది, నన్ను చాలా మర్యాదగా మిర్చి బజ్జీల బండి పక్కన కూర్చోబెట్టింది. దెబ్బలేం లేవు. క్యాన్ మాత్రం బోర్లాపడింది, రబ్బరు బ్యాండు ఎటో ఎగిరిపోయింది, దేశానికి ఇంధనం దిగుడు వెంట పారడం మొదలెట్టింది. కుక్కలు వరసగా రెండు పక్కలా నిలబడ్డాయి.

బజ్జీల బండతను పక్కనే కడుతున్న ఇంటి దగ్గర్నుంచి రెండు గమేళాల ఇసుక తెచ్చి గబగబా చల్లాడు, లేకపోతే ఆ రోజు ఇంకో నలుగురు నాలాగే కూర్చునేవారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏంటి సార్ ఇది?"

"విమానాల్లో పోసే నూనె."

ఆయన ఒకసారి ఆకాశం వైపు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు, జేబులోంచి మిషన్ తీసి "ఊదండి" అన్నాడు. ఊదాను. సున్నా వచ్చింది. ఆయనకి నమ్మకం కుదరక మళ్లీ ఊదమన్నాడు.

బజ్జీల బండతను ఇసుక చల్లుతూ నసుగుతున్నాడు. "నాకిస్తే లీటరు అరవైకి తీసుకుందును కదా సార్, అంత దూరం మోయడం ఎందుకు?"

"నీకెందుకయ్యా వాడిన నూనె?"

అతను ఇసుక చల్లడం ఆపలేదు, నా మొహం వైపూ చూడలేదు. పదేళ్లుగా ప్రతి వర్షానికీ అతని దగ్గరే బజ్జీలు తింటున్నాను. విమానాలకి నూనె ఎందుకు దొరకడం లేదో నాకు అప్పుడర్థమైంది. లీటరుకి మన అత్తగార్లు ఒక లెక్క కడతారు, అతనొక లెక్క కడతాడు, ఆ రెండూ దాటి పానిపట్ చేరాలి.

క్యాన్‌లో రెండు లీటర్లు మిగిలాయి. అంతమాత్రం దానికి ఎవరూ తీసుకోరు కాబట్టి ఇంటికే తెచ్చాను, స్కూటర్ తోసుకుంటూ. సాయంత్రం గ్రూపులో 301 పెద్దాయన మెసేజ్: "నూనె బయల్దేరిందా సార్?" బయల్దేరింది అని రాశాను. అబద్ధం కాదు కదా.

అత్తగారు ఏమీ అడగలేదు. నా ప్యాంటు చూసి, క్యాన్ చూసి, లోపలికి తీసుకెళ్లి గుడ్డలో వడగట్టారు. చాలా రోజులుగా కీచుమంటున్న మా అపార్ట్‌మెంటు గేటు బందులకి వాచ్‌మన్‌తో ఆ నూనె పట్టించారు. రాత్రి గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పొద్దున్న పాల కోసం కిందికి దిగితే ఆ నల్లకుక్క ముందరి కాళ్లు గేటు మీద ఆనించి, కింది బందు నాకడం అయిపోయి, పైదాని కోసం మెడ సాచుతోంది.