పతకాలు సరే, చివరి బెంచీ సంగతేమిటి?

ప్రతి సంక్రాంతికీ అమెరికాలోని మన సంఘం తరఫున శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బడుల్లో జరిగే కార్యక్రమం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పదో తరగతిలో మొదటి మూడు స్థానాలు తెచ్చుకున్న పిల్లలను వేదిక మీదికి పిలుస్తాం. శాలువా, పతకం, కవరు, ఫోటో. ఆ పిల్లలు కష్టపడి చదివారు, మెచ్చుకోవలసిందే. అయితే ఆ పతకం వాళ్ల జీవితాల్లో పెద్దగా మార్చేది ఏమీ లేదు. పదో తరగతి మార్కులతోనే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు దొరుకుతుంది. ప్రైవేటు కళాశాలల వాళ్లు ఫీజు తగ్గిస్తామంటూ ఇంటికే వస్తారు. అదే సభలో వెనక కుర్చీలు సర్దుతూ, అతిథులకు మంచినీళ్లు అందిస్తూ, చదవడం, రాయడం పట్టుబడని ఒక పిల్లవాడు తిరుగుతుంటాడు. ఏ పనైనా వాడికే చెబుతారు, తరగతిలో కూర్చున్నా వాడికి ఒరిగేదేమీ లేదని అందరికీ నమ్మకం కాబట్టి. మన డబ్బు ఇకమీదట వాడికి చేరాలన్నది నా వాదన.

ఈ విషయం మనకు తెలియనిది కాదు. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో మన పిల్లవాడు రెండో తరగతికి వచ్చినా చదవలేకపోతుంటే ఏం చేస్తాం? బడికి ఉత్తరం రాస్తాం. 1975లో వచ్చి, 1990లో ఐడియా అని పేరు మార్చుకున్న, వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం చేసిన అమెరికా చట్టం ప్రకారం, పిల్లవాడిని పరీక్షించమని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఖర్చు బడిదే. అవసరం ఉందని తేలితే వాడికంటూ ఐఈపీ అనే విద్యా ప్రణాళిక తయారవుతుంది. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఒక్కటే ఉన్న పిల్లలకు కూడా ఆ చట్టం కింద గానీ, 1973 నాటి పునరావాస చట్టం 504వ సెక్షన్ కింద గానీ సాయం అందే వీలుంది. ఆ సమావేశాలకు మనం సెలవు పెట్టి మరీ వెళతాం. కాగితాలన్నీ ఫైలు కట్టుకుని ఒక్కో వాక్యం దగ్గరా పట్టుబడతాం. ఊరికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "బాగానే చదువుతున్నాడమ్మా" అని మాట మారుస్తాం. నలుగురికీ తెలిస్తే రేపు పెళ్లి సంబంధాల దగ్గర మాట వస్తుందని భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ మనం నోరు విప్పనంత కాలం, ఇదే అవస్థ పడుతున్న మేనకోడలు విజయనగరంలో ఎవరిని అడగాలో తెలియక, కొడుకును ఒక ట్యూషన్ మాన్పించి ఇంకో ట్యూషన్‌లో చేరుస్తూనే ఉంటుంది.

నాగావళి ఒడ్డున ఒక ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి పిల్లవాడి తెలుగు నోటుపుస్తకం చూశాను. చక్కని దస్తూరి. నల్లబల్ల మీద ఉన్నదాన్ని కామాతో సహా దించాడు. అందులోనే ఒక వాక్యం చూపించి చదవమంటే తల వంచుకున్నాడు. 'ప్రభుత్వం' అని చెప్పి రాయమంటే 'పభుతం' అని రాశాడు. 'విద్యార్థి' కాస్తా 'విదాతి' అయింది. 'కొట్టు', 'కోటు' రెండూ ఒకేలా వచ్చాయి. పుస్తకం మూసి, నీటి చక్రం ఎలా నడుస్తుందో చెప్పమంటే మాత్రం సముద్రం దగ్గర మొదలుపెట్టి మళ్లీ సముద్రం దగ్గరికి తీసుకొచ్చి వదిలాడు. మధ్యలో ఎక్కడా తడబడలేదు. అంటే విన్నది వాడి బుర్రలో ఉంది. ఏడేళ్లుగా ఆ నోటుపుస్తకాల్లో వాడు చేస్తున్నది మాత్రం బొమ్మలు గీయడమే. ఇంత ఓపికగా గీసేవాడిని బద్ధకస్తుడని అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. ప్రగతి పత్రంలో ఉన్నది మాత్రం ఆ మాటే.

1896లో ప్రింగిల్ మోర్గన్ అనే బ్రిటిష్ వైద్యుడు అచ్చం ఇలాంటి పద్నాలుగేళ్ల బాలుడి గురించి రాశాడు. చదువంతా నోటితోనే సాగితే బడి మొత్తంలో తెలివైనవాడు వీడేనని ఆ బాలుడి ఉపాధ్యాయుడు చెప్పాడట. తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని ఈ ఇబ్బందినే డిస్లెక్సియా అంటారు. మోర్గన్ రాసింది నూట పాతికేళ్ల పైమాటే. అయినా మన దగ్గర ఇప్పటికీ "తెలుగు రాసినట్టే చదువుతాం కదా, ఆ డిస్లెక్సియా ఇంగ్లీషు పిల్లలకే" అనే పెద్దమనుషులున్నారు. రాసినట్టు చదివే లిపుల్లో తప్పులు కాస్త తగ్గుతాయన్నది నిజం. కానీ చదివే వేగం రాదు. పైగా గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే తెలుగు పిల్లలు గుర్తుపట్టవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడం మీద జరిగిన పరిశోధనల్లో, మామూలు పిల్లలకే అవి పూర్తిగా పట్టుబడటానికి నాలుగైదు తరగతుల దాకా పడుతుందని తేలింది. శబ్దాన్ని విడదీసి పట్టుకోవడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లవాడి గతి ఏమిటో ఆలోచించండి. బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. మంచి ఆలోచనే. ఈ పిల్లవాడికి మాత్రం చదవలేని పేజీలు రెండయ్యాయి.

ఏడీహెచ్‌డీది ఇంకో చిక్కు. కాలు నిలవని అబ్బాయిని అందరూ గమనిస్తారు, నాలుగు తగిలించి కూర్చోబెడతారు. కిటికీలోంచి చూస్తూ, పెన్సిలు ఎక్కడ పెట్టిందో మరిచిపోతూ, ఎవరికీ అడ్డురాని అమ్మాయిని ఎవరూ గమనించరు. ఆమెదీ ఏడీహెచ్‌డీయే కావచ్చు. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో దాదాపు 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ ఈ పేరు తగిలించడానికి వీల్లేదు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ కూడా కనిపించాలి. దానికంటే ముందు కళ్లు, చెవులు పరీక్షించాలి. ఒక మనవి కూడా: ఇక్కడి నుంచి మాత్రలు పట్టుకెళ్లి బంధువుల పిల్లలకు ఇవ్వకండి. దీనికి వాడే మిథైల్‌ఫెనిడేట్ అమెరికాలోనూ భారతదేశంలోనూ గట్టి చట్టపరమైన నియంత్రణలో ఉన్న మందు. వైద్యుడు చూసి, మోతాదు సరిచూసుకుంటూ ఇవ్వవలసినది.

ఈ పిల్లల కోసం భారతదేశంలో చట్టం లేదని చాలామంది అనుకుంటారు. ఉంది. వికలాంగుల కోసం 1995లో వచ్చిన చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం ఊసే లేదు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచి అందులో దీన్నీ చేర్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించడం విద్యాసంస్థల బాధ్యతని 16వ సెక్షన్ చెబుతుంది. పరీక్షలో అదనపు సమయం, చెప్పింది రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి 17వ సెక్షన్‌లో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ మాత్రం ఆ 21లో లేదు. ఆ ఒక్కటే ఉన్న పిల్లవాడికి అమెరికాలో దొరికే రక్షణ అక్కడ దొరకదు. మన సంఘాలు ఢిల్లీ నుంచి వచ్చిన మంత్రులకు పూలగుత్తులు ఇచ్చేటప్పుడు ఈ సంగతి కూడా ఒక కాగితం మీద రాసి ఇస్తే బాగుంటుంది.

కాగితం మీద ఉన్నది పిల్లవాడి దాకా రావడం వేరు. వైకల్య ధ్రువపత్రం కావాలంటే వైకల్యాన్ని నిర్ధారించే ప్రభుత్వ సదరం శిబిరానికి వెళ్లాలి. చెయ్యో కాలో అయితే ఎదుట కనిపిస్తుంది. చదవలేకపోవడం చూడగానే కనిపించదు, నిపుణులు కూర్చుని పరీక్షించాలి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వచ్చి పోవాలంటే తల్లికి ఒక రోజు కూలి పోయినట్టే. ఇంకో తేదీకి రమ్మంటే రెండో కూలి. పరీక్ష ఏ భాషలో పెడతారన్నది మరో ప్రశ్న. భారతీయ భాషల కోసం జాతీయ మెదడు పరిశోధన కేంద్రం తయారుచేసి 2015లో విడుదల చేసిన 'డాలి' పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషులో వచ్చింది. ఆ తొలి జాబితాలో తెలుగు లేదు. ఇక సీతంపేట కొండల్లోని సవర పిల్లల మాట చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో సవర, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఆ పిల్లవాడు చదవలేకపోతే అది వైకల్యమో, అర్థం కాని భాషో ఎవరు తేలుస్తారు? గిడుగు రామమూర్తి ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని పాటుపడి, ఆ కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, క్వినైన్ మందుకు వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన పుట్టిన రోజున ప్రతి ఆగస్టులో దండలు వేసే మనం ఆ ప్రశ్నను మాత్రం ఎక్కడిదక్కడే ఉంచాం.

"ఇక్కడ సగం మందికి చదవడం రాదండీ, అందులో ఏది జబ్బు, ఏది కాదు అని ఎలా తెలుస్తుంది?" అని ఒక ప్రధానోపాధ్యాయుడు నన్ను అడిగారు. నాకు తెలిసి ఈ విషయంలో వచ్చిన అతి గట్టి అభ్యంతరం ఇదే. దీనికి జవాబు పరీక్షల్లో లేదు, ఒకటి రెండు తరగతుల్లో ఉంది. శబ్దం నుంచి అక్షరానికి, అక్షరం నుంచి గుణింతానికి, ఆ తరవాతే ఒత్తుకు, రోజూ కొంచెం కొంచెంగా, నోటితో పలికిస్తూ వేలితో రాయిస్తూ చెప్పే పద్ధతి డిస్లెక్సియా ఉన్న పిల్లలకు తప్పనిసరి. మిగిలిన పిల్లలకూ అది మేలే చేస్తుంది. కొన్ని నెలలు అలా చెబితే చదువు చెప్పక వెనకబడినవాళ్లు పైకి లేస్తారు. అప్పటికీ కదలనివాళ్లే నిపుణుడి దగ్గరికి వెళ్లవలసినవాళ్లు. సాయం మొదలుపెట్టడానికి ధ్రువపత్రం దాకా ఆగనక్కర్లేదు. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాల గురించి ఊళ్లో ఒక మాట చెప్పుకుంటారు. సంస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదట, సంగీతమంటే ప్రాణమట. ఆ కుర్రవాడి కోసం మొదలైన ఆలోచనే కళాశాల అయిందట. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. ఒక్కడిని దృష్టిలో పెట్టుకుని తెరిచిన తలుపులోంచి ఎంతమంది నడిచి వెళ్లారో విజయనగరం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అన్నట్టు, ఐన్‌స్టీన్‌కూ డిస్లెక్సియా ఉండేదట అని వాట్సాప్‌లో తిప్పడం దయచేసి ఆపండి. దానికి గట్టి ఆధారం లేదు. ఉన్నా, పిల్లవాడు ఐన్‌స్టీన్ అయితేనే సాయం చేస్తామా? బస్సు మీద ఊరి పేరు, ఎరువు బస్తా మీద మోతాదు చదువుకోగలిగితే చాలదా?

ఇక డబ్బు మాట. కొత్తగా ప్రత్యేక పాఠశాల కట్టి గోడ మీద దాతల పేర్లు చెక్కించవద్దు. ఆ పిల్లలు ఊరి బడిలోనే ఉండాలి. మండలాల్లో వైకల్యం ఉన్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, సహిత విద్య టీచర్లున్నారు. కానీ మండలానికి ఒకరో ఇద్దరో. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లేదీ వాళ్లే, శిబిరాలు నడిపేదీ వాళ్లే. కంటికి కనిపించే వైకల్యాలకే వాళ్ల రోజు చాలదు. కాబట్టి ఒక మండలాన్ని ఎంచుకుని, అధికారుల అనుమతితో, భారత పునరావాస మండలిలో నమోదైన ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలికి మూడేళ్లు జీతం ఇద్దాం. ఒక్క ఏడాదికి ఇచ్చి మానేస్తే ఇవ్వకపోవడమే నయం. ఒకటి రెండు తరగతుల టీచర్లకు వేసవిలో శిక్షణ ఇప్పిద్దాం. పరీక్షకు వెళ్లే తల్లికి బస్సు ఛార్జీతో పాటు ఆ రోజు కూలి కూడా ఇద్దాం. ఏడాదికోసారి ఇక్కడి నుంచి వైద్యులు వెళ్లి ఒక్క రోజు శిబిరం పెట్టి రావడం మీద నాకు నమ్మకం లేదు. ఇబ్బందికి పేరు పెట్టి వచ్చేస్తే, మర్నాటి నుంచి ఆ పిల్లవాడికి పాఠం చెప్పేదెవరు?

ఈ ప్రతిపాదన కార్యవర్గంలో పెట్టినప్పుడు, దాతలకు చూపించడానికి ఏముంటుందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జూన్‌లో ఎంతమంది పిల్లలు నిమిషానికి ఎన్ని మాటలు చదివారు, మార్చిలో ఎన్ని చదివారు, ఆ లెక్క చూపిద్దాం. పేర్లు వద్దు. ముఖ్యంగా ఆ పిల్లల ఫోటోలు సావనీర్‌లో వేయకండి. మన పిల్లల ఐఈపీ కాగితాలను మనం ఏ సొరుగులో పెట్టి తాళం వేస్తున్నామో, వాళ్ల వివరాలూ అక్కడే ఉండాలి.