అర్జీ పెట్టని తీగ

అనంతపురం జిల్లాలో కరవు వచ్చిందో లేదో తేల్చేది మబ్బులు కావు. దానికొక పద్ధతి ఉంది. 2016 నాటి కేంద్ర కరవు నిర్వహణ మార్గదర్శిని ప్రకారం వర్షపాతంలో లోటును, వానకూ వానకూ మధ్య ఎండిన రోజులను, ఉపగ్రహం కంటికి ఆనిన పచ్చదనాన్ని, నేలలోని తేమను లెక్కగట్టి, ఆపైన మనుషులు పొలాలకు వెళ్లి ఎండిన చేను నిజంగానే ఎండిందని సరిచూసుకుని, అప్పుడు కరవు మండలాల జాబితా వెలువరించాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లాకు ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉండగా, నా తోటలోని ద్రాక్షతీగ దీన్నేమాత్రం లక్ష్యపెట్టక, ఎవరినీ అడగకుండా తన కరవును తానే ప్రకటించుకుంటోంది. ఈ సంగతిని పెద్దల దృష్టికి తేవడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అది చేసే నిర్వాకం ఇది. నేల ఆరడం మొదలైందని తెలియగానే వేళ్లలోనూ ఆకుల్లోనూ ఆబ్సిసిక్ ఆమ్లం అనే పదార్థం పెరుగుతుంది. ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాలకు అదే ఉత్తర్వు. అందగానే అవి నోళ్లు మూసుకుంటాయి. వేరు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఆ నోళ్ల గుండానే ఆవిరైపోతుంది కనుక మూయడం వల్ల నీరు మిగిలే మాట నిజమే. కాని నోళ్లు మూస్తే బొగ్గుపులుసు వాయువు కూడా లోపలికి రాదు, ఆకు వండుకునే అన్నం తగ్గిపోతుంది. అంటే కుండలో నీళ్లు ఉండగానే, రేపు ఉండవేమోనన్న అనుమానం మీదే, ఈ తీగ పస్తులకు సిద్ధపడుతుందన్నమాట. ఇంతటి పిరికితనం సీమ నేల మీద పెరిగినదానికి తగునా?

అయితే తీగలన్నింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. గ్రెనాష్ అనే విదేశీ రకం ఇలాగే తొందరపడి నోరు మూసుకుంటుంది గాని, సిరా అనే రకం అలాంటిది కాదు. నేల ఎండుతున్నా చాలాసేపు నోళ్లు తెరిచే ఉంచి, దర్జాగా ఖర్చు పెడుతూనే ఉంటుంది. కాండంలోని సన్నని గొట్టాల్లో నీటిధార మరీ బిగుసుకుంటే తెగి గాలిబుడగ చొరబడుతుందనీ, ఆ గొట్టం నీరు మోయడం మానేస్తుందనీ దానికి లెక్కలేదు. (అదే రకం నేల మారితే గుణమూ మార్చుకుంటుందని పరిశోధకులు అంటారు. మన నాయకులకున్న వెసులుబాటు తీగకు మాత్రం ఎందుకు ఉండకూడదు?) ఈ వ్యాసకర్త నిస్సందేహంగా సిరా సంప్రదాయానికి చెందినవాడు. నా మొదటి బోరు 300 అడుగులకు పడింది, ఎండిపోయింది. రెండోది, మూడోది అంతకంటే లోతు. నాలుగోది 900 అడుగులకు దించి లారీడు తెల్లటి రాతిపొడి తీశాను. బోరు వేసేముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతుంది. దాని మీద నాకు అపారమైన గౌరవం ఉన్నందువల్లనే ఏనాడూ దాని జోలికి వెళ్లి ఇబ్బంది పెట్టలేదు.

లోతుకు దిగడం ద్రాక్షకూ తెలుసు. దారి దొరికితే దాని వేళ్లు ఆరు మీటర్ల కిందికీ పోతాయి. నా తోటలో ఆ ముచ్చటా లేదు. డ్రిప్పు గొట్టం రోజూ మొదలు దగ్గరికే నీళ్లు తెచ్చి పోస్తుంటే వేళ్లు పైపైనే కూర్చున్నాయి. సబ్సిడీకి అలవాటుపడింది మనుషులే అనుకునేవాణ్ణి.

పొదుపు విషయంలో దాని వరస మరీ విడ్డూరం. ముందుగా కొనచిగురు సాగడం ఆపుతుంది, నులితీగలు వాడిపోతాయి. కరవు ముదిరితే మొదట్లోని ముసలి ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. గాలిబుడగల బెడద కూడా ముందు ఆకుతొడిమలకే తగులుతుంది కనుక ఆకు పోయినా కాండం దక్కుతుంది. మా ఊళ్లో ఆచారం దీనికి పూర్తిగా విరుద్ధం: చెనిక్కాయ పంట పోయిన ఏడు లేత వయసువాళ్లంతా బెంగళూరు బస్సెక్కుతారు, పండుటాకులు అరుగుల మీద మిగులుతాయి. రెండింటిలో ఏది శాస్త్రీయమో నిపుణులే తేల్చాలి.

ఆస్ట్రేలియావాళ్లు ఈ తీగ అమాయకత్వాన్ని కనిపెట్టి ఒక ఉపాయం పన్నారు. మొదలుకు ఒక పక్క మాత్రమే నీళ్లు పెట్టి రెండో పక్క ఎండగడతారు, కొన్నాళ్లకు పక్కలు మారుస్తారు. ఎండిన సగం వేళ్లు కరవో అని మొరపెడితే, తడిసిన సగం నీళ్లు అందిస్తున్నా సరే, ఆకులు ఆ మొర నమ్మి నోళ్లు కొంత మూస్తాయి. నీళ్లు తగ్గుతాయి, పంట అంతగా తగ్గదు. సగం వేళ్లు పెట్టిన అర్జీకి ఇంత విలువా! ఇక్కడ మండలం మండలమే కాగితం పట్టుకుని కలెక్టరేటు మెట్ల మీద కూర్చున్నా, జత చేయవలసిన పత్రాలు ఏమైనాయని అడుగుతారు గాని అంత సులభంగా నమ్మరు. పరిపాలన అంటే అదీ.

కాయ సంగతి క్లుప్తంగా చెబుతాను, తలచుకుంటే బాధ. నీటి ఎద్దడిలో కాయ చిన్నదవుతుంది, గుజ్జుతో పోలిస్తే తొక్క పాలు పెరుగుతుంది. రంగూ రుచీ అందులోనే ఉంటాయని వైన్ చేసే దేశాల్లో కావాలనే తీగను కొంత ఎండబెడతారట. మా మార్కెట్లో వ్యాపారి మాత్రం గుత్తిని అరచేతిలో తూకం వేసి, ఇది ద్రాక్షా, మిరియాలా అన్నాడు.

వాన పడ్డ తరువాత దాని ప్రవర్తన ఇంకా అవమానకరం. నేల తడిసినా గట్టి ఎద్దడి చూసిన తీగ వెంటనే నమ్మదు. ఒంట్లో మిగిలిన ఆ ఆమ్లం తగ్గేదాకా నోళ్లు పూర్తిగా తెరవదు. పోయిన జూన్‌లో ఒక్క వాన పడగానే నేను బోరు కింద ఎకరం వరి నాటించాను. ఆగస్టుకు బోరు దగ్గడం మొదలుపెట్టింది.

మొన్న పాయింటు చూసేవాణ్ణి పిలిపించాను. టెంకాయ అరచేతిలో పడుకోబెట్టుకుని తోటంతా తిరిగాడు. సరిగ్గా పందిరి నడుమకు రాగానే టెంకాయ నిలువునా లేచి నిలబడింది. ఐదో బోరు అక్కడే పడాలి, కాని రిగ్గు లారీ లోపలికి రావాలంటే రెండు వరుసల తీగలు కొట్టేయాలన్నాడు. తీగలు ఎండిపోకుండా కాపాడుకోవడానికే కదా ఈ తాపత్రయమంతా, కొట్టేయమన్నాను.