కుస్కోలో దిగిన మర్నాడే ‘ఇన్‌కా ట్రెయిల్’ ఎక్కొద్దు

పెరూలో మాచుపిచ్చుకి నడిచివెళ్లే పాత కొండదారి ఇన్‌కా ట్రెయిల్ గురించి మీ వ్యాసంలో, లీమా నుంచి కుస్కోకి విమానంలో వెళ్లి మర్నాడే నడక మొదలెట్టొచ్చని రాశారు. దయచేసి ఆ మాట సవరించండి. కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, లీమా దాదాపు సముద్రమట్టంలో ఉంది. ఒక్కసారిగా అంత ఎత్తుకి వెళ్తే తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం మామూలే. దిగగానే 2,800 మీటర్ల ఎత్తులోని ఒల్లంతాయ్‌తాంబో ఊరికి వెళ్లి రెండు రాత్రులుండి, ఆ తర్వాత కుస్కోలో ఒకరోజు గడిపితే ఒళ్లు అలవాటుపడుతుంది. ఎత్తువల్ల వచ్చే ఈ ఇబ్బందులకి వాడే డయామాక్స్ మాత్రని డాక్టర్ని అడిగే వాడాలి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లు.

అసలు పరీక్ష నడకలో రెండోరోజే. దాదాపు 3,000 మీటర్ల నుంచి 4,215 మీటర్ల కనుమ దాకా ఎక్కాలి, వెంటనే 3,600కి రాతిమెట్ల మీద దిగాలి. ఊపిరి కంటే మోకాళ్లే ముందు మొరాయిస్తాయి. చేతికర్రలు తప్పనిసరి, వాటి మొనలకి రబ్బరు తొడుగులుండాలి. ఎక్కేటప్పుడు ఆయాసంతో మాట తెగుతుంటే వేగం తగ్గించండి. తలనొప్పితో పాటు అడుగు తూలుతుంటే ఇక పైకి వెళ్లకూడదు, కిందికి దించేయాలి.

ఈ దారికి పర్మిట్లు గైడ్లు, కూలీలతో కలిపి రోజుకి 500 మాత్రమే. పాస్‌పోర్టు నంబరుతో ముడిపడి ఉంటాయి, వేరేవాళ్ల పేరుకి మారవు. పర్మిట్ తీసుకున్నాక పాస్‌పోర్టు మారిస్తే ట్రెక్ ఏజెన్సీకి ముందే చెప్పి, పాతదీ వెంట పెట్టుకోండి. ఫిబ్రవరిలో దారి మూసేస్తారు.