సవరణ: ముంబై హైలో నౌక తగిలింది ప్లాట్‌ఫామ్ కాలికి కాదు

2005 జూలై 27న ‘సముద్ర సురక్ష’ అనే నౌక గుద్దుకుని, అరేబియా సముద్రంలో చమురు, గ్యాస్ తీసే ముంబై హై నార్త్ ప్లాట్‌ఫామ్ ఉక్కు కాలు విరిగిందని, అందుకే అది కూలిందని నిన్న రాశాను. అది తప్పు. ఆ ప్రమాదంపై తర్వాత వెలువడిన భద్రతా నివేదికల ప్రకారం, నౌక హెలిడెక్ (హెలికాప్టర్ దిగే వేదిక) వెళ్లి ప్లాట్‌ఫామ్ గ్యాస్ రైజర్‌కు తగిలింది. రైజర్ అంటే సముద్రం అడుగునున్న పైపులైను నుంచి ప్లాట్‌ఫామ్ పైకి నిలువుగా వచ్చే గొట్టం. అది పగిలి గ్యాస్ ఎగదన్నింది, నిప్పంటుకుంది. రెండు గంటల్లో ప్లాట్‌ఫామ్ కాలిపోయింది. 22 మంది చనిపోయారు. నౌకలో వేళ్లు తెగిన మనిషిని క్రేన్ బుట్టలో పైకి చేర్చాలనే ఆ వానాకాలపు గాలిలో నౌక అంత దగ్గరికొచ్చింది.

తేడా చిన్నది కాదు. కాళ్లు ఎంత గట్టివైనా, నౌకలు ఆగే చోట రైజర్‌కు సరైన అడ్డు లేకపోతే ఆ గట్టిదనం అక్కరకు రాదు. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.