మోసుకెళ్లే నలుగురు రాని ఆదివారం

మా పిన్నికి చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఆమె వెళ్లే చర్చి మందిరం మొదటి అంతస్తులో ఉంది. ప్రతి ఆదివారం నలుగురు యవ్వనస్థులు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసేవారు. ఒక వారం వాళ్లంతా యూత్ క్యాంపుకు వెళ్లారు. పిన్ని కింద, చెప్పులు విడిచే చోట కూర్చుని మైకులో వాక్యం విన్నది. యేసును తలచుకుంటూ అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభు బల్ల కూడా ఆ రోజే. అవి ఆమె దాకా రాలేదు. ఎవరూ కావాలని చేయలేదు, ఎవరికీ గుర్తు రాలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

ఆ కుర్రాళ్లను మార్కు సువార్తలోని నలుగురితో పోల్చి పాస్టరు గారు మెచ్చుకునేవారు. పక్షవాయువు గలవాడి కోసం ఆ నలుగురూ ఏకంగా ఇంటి కప్పే విప్పారు. మన సంఘాలు మోయడానికి ముందుకొస్తాయి గానీ, కట్టడాన్ని మార్చే జోలికి మాత్రం వెళ్లవు.

నిజానికి ఇది దయకు సంబంధించిన విషయం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, మతపరమైన కార్యక్రమాలకు జనం వాడే ప్రైవేటు భవనాలను కూడా ప్రజా భవనాల్లో చేర్చింది. 2017 జూన్‌లో నిబంధనలు వచ్చాక, పాతవాటిని మార్చుకోవడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే తీరిపోయింది.

ర్యాంపు పేరుతో చాలాచోట్ల ఉండేది బైకు ఎక్కించే నిటారు గట్టు. చక్రాల కుర్చీకి అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. అడుగున్నర అరుగుకు 18 అడుగులు. పదడుగుల పైనున్న హాలుకైతే 120 అడుగులు, ఇరుకు స్థలంలో కుదరదు. పాస్టరు గారి ఇల్లు కింద, మందిరం పైన ఉన్నచోట ఆ రెండింటినీ అటూ ఇటూ మార్చుకోవచ్చు కదా?

మెట్లు తీసేసినా ఇంకొకటి మిగులుతుంది. స్వస్థత సభల్లో పిన్నిని ఎన్నిసార్లు ముందు వరుసలో కూర్చోబెట్టారో లెక్కలేదు. ఆమె లేచి నడవకపోతే ‘విశ్వాసం చాలలేదమ్మా’ అన్నారు. ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమోనని కూడా అడిగారు. పుట్టుగుడ్డివాడిని చూసి, పాపం చేసింది వీడా, కన్నవాళ్లా అని శిష్యులు అడిగిందీ ఇదే. ఇద్దరూ కాదని యేసు తేల్చి చెప్పాడు. యోహాను తొమ్మిదో అధ్యాయం మన ప్రసంగీకులకు కంఠతా వచ్చు. స్వస్థత కోసం ప్రార్థించడం తప్పని నేననను. అడగకుండా తలమీద చేయి పెట్టడం, బాగుపడకపోతే నింద ఆమె మీదే వేయడం మాత్రం తప్పు.

నోటి మాంద్యం గలవాడిని, మాట సరిగా రాదన్న మోషేకు, అతని తరఫున మాట్లాడటానికి దేవుడు అన్న అహరోనును తోడిచ్చాడు. మాంద్యం పోయాకే రమ్మనలేదు. బధిరులున్న సంఘానికి అలాంటి అహరోను, సంజ్ఞా భాష తెలిసిన ఒక్క మనిషి. స్పీకర్ల హోరుకు చెవులు మూసుకుని ఏడ్చే ఆటిజం పిల్లాడిని ఎత్తుకుని గేటు దగ్గర తిరిగే తల్లికి, కాస్త సౌండు తగ్గించినా మేలే.

పిన్ని అడిగింది ఒక్కటే. తన పేరు ప్రార్థన అవసరతల చిట్టాలో కాకుండా, ఆరాధనలో వాక్యం చదివేవాళ్ల వరుసలో రాయమని. కీర్తనలు ఆమెకు చూడకుండా వచ్చు. అడిగి రెండేళ్లయింది. మైకు స్టాండు కుర్చీ ఎత్తుకు దించితే చాలు.