రెండోసారి అడగనక్కర్లేని ఏర్పాటు

మొన్న ఒక ఫాస్ట్‌ఫుడ్ ఔట్‌లెట్‌లో ఆర్డర్ ఇచ్చే తెర ముందు నిలబడ్డాను. నాకు కావలసింది ఒక్క బర్గర్. దాని బొమ్మ మీద వేలు పెట్టగానే 'కాంబోగా మార్చుకుంటారా?' అని అడిగింది. వద్దన్నాను. 'ఇంకో చీజ్ స్లైస్ వేయమంటారా?' అంది. వద్దన్నాను. డబ్బు కట్టబోతుంటే 'ఇంకేమైనా మర్చిపోయారా?' అంటూ ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింక్, ఫ్రైస్ బొమ్మలు వరసగా పరిచింది. ఒప్పుకునే బటన్ ప్రతిసారీ ముదురు రంగులో అరచేయంత ఉంది. వద్దనేది అడుగున బూడిదరంగు అక్షరాల్లో ఉంది. వెనక ఐదుగురు నిలబడి ఉన్నారు. మూడోసారి ఫ్రైస్ నొక్కేశాను.

ఆకలేసి నొక్కలేదు. వెనకవాళ్లు ఎదురుచూస్తున్నారని నొక్కాను.

ఫాస్ట్‌ఫుడ్ మీద చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఒక మాట దగ్గరకొచ్చి ఆగుతుంది: 'ఎవరూ బలవంతంగా నోట్లో కుక్కడం లేదు కదా, తినేవాడికి ఉండాలి అదుపు.' ఈ మాటతోనే నాకు పేచీ. తినేవాడు కౌంటర్ దాకా వచ్చేలోపే, అతను తీసుకోవలసిన నిర్ణయంలో చాలా భాగం ఇంకొకరు తీసేసుకుని ఉంటారు. ఇది నా అనుమానం కాదు. ఈ పరిశ్రమ ఎదిగిన తీరు చూస్తే తెలిసిపోతుంది.

1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు బాగా నడుస్తున్న తమ రెస్టారెంట్‌ను కొంతకాలం మూసేసి కొత్త పద్ధతిలో తెరిచారు. పాతిక రకాల మెనూను 9 రకాలకు కుదించారు. ప్లేట్లు, చెంచాలు తీసేశారు. వంటగదిని ఫ్యాక్టరీలా మార్చి, ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించారు. హ్యాంబర్గర్ 15 సెంట్లకే ఇచ్చారు. మిల్క్‌షేక్ మిక్సర్లు అమ్ముకునే రే క్రాక్ ఆ పద్ధతిని చూసి ముచ్చటపడి, 1955లో ఇల్లినాయ్‌లో తన మొదటి శాఖ తెరిచాడు. 1961లో సోదరులకు 27 లక్షల డాలర్లిచ్చి మొత్తం వ్యాపారాన్ని కొనేశాడు. ఇక్కడివరకూ ఇది వంటింటి తెలివి. తక్కువ ధర, వేగం, ఏ ఊళ్లో తిన్నా మారని రుచి. ఇవి జనానికి నిజంగా పనికొచ్చాయి, కాదనను.

అసలు మలుపు వంటింట్లో రాలేదు, సినిమా హాల్లో వచ్చింది. డేవిడ్ వాలర్‌స్టీన్ అనే ఆయన థియేటర్లు నడిపేవాడు. ప్రేక్షకులు ఒక పాప్‌కార్న్ పొట్లం కొనేవాళ్లు, అయిపోయాక రెండోది కొనేవాళ్లు కాదు. ఆఫర్లు పెట్టి చూశాడు, లాభం లేకపోయింది. చివరికి కారణం పట్టుకున్నాడు. జనానికి ఇంకా తినాలనే ఉంది. కానీ లేచి వెళ్లి రెండో పొట్లం అడిగితే తిండిపోతు అనుకుంటారేమోనని బిడియం. అందుకని రెండో పొట్లం అమ్మే ప్రయత్నం మానేసి, మొదటి పొట్లాన్నే పెద్దది చేశాడు. అమ్మకాలు పెరిగాయి. తర్వాత ఆయన మెక్‌డొనాల్డ్స్ బోర్డులో చేరి, ఫ్రైస్‌కూ ఇదే చేద్దామన్నాడు. ఇంకా కావాలనుకున్నవాళ్లు ఇంకో పొట్లం కొనుక్కుంటారు కదా అని క్రాక్ మొదట ఒప్పుకోలేదట. 1972లో పెద్ద సైజు ఫ్రైస్ వచ్చాయి.

నాకు ఈ ఉదంతం ఎన్ని అంకెలకన్నా ఎక్కువ చెప్పినట్టు అనిపిస్తుంది. రెండోసారి అడగడానికి మనిషి పడే ఆ బిడియం చిన్న విషయం కాదు. ఇంకా కావాలా, చాలా అని మనల్ని మనం అడుగుకునే క్షణం అదే. పళ్లెం ఖాళీ అయినప్పుడు, వడ్డించేవారి చెయ్యి ఆగినప్పుడు, పక్కవాళ్లు తినడం ముగించినప్పుడు ఆ క్షణం వస్తుంది. పరిశ్రమ ఆ బిడియంతో వాదన పెట్టుకోలేదు. అది తలెత్తే సందర్భమే లేకుండా చేసింది. పెద్ద పొట్లం పట్టుకున్నవాడు అడిగింది ఒక్కసారే కాబట్టి తన కళ్లకు తాను మితంగానే తిన్నాడు. ఇవాళ్టి తెరలు, యాప్‌లు అదే దారిలో ఇంకో అడుగు వేశాయి. ఆర్డర్ వినే మనిషే లేడు, ఇక ఎవరిముందు మొహమాటం? పైగా యాప్‌కు మనం ఏ పూట ఏం తెప్పించుకుంటామో గుర్తుంటుంది. సరిగ్గా ఆ వేళకే ఫోన్ మోగుతుంది.

'అయినా తినకుండా ఉండొచ్చు కదా' అనేవాళ్ల కోసం ఒక ప్రయోగం సంగతి చెప్పాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాల పాటు తమ కేంద్రంలోనే ఉంచింది. రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన, అంటే ఫ్యాక్టరీలో తయారై వచ్చే ఆహారం, రెండు వారాలు మామూలుగా వండిన ఆహారం. వాళ్ల ముందు పెట్టిన రెండు రకాల భోజనాల్లోనూ క్యాలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన ఆహారం పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో సుమారు 0.9 కిలో బరువు పెరిగారు. రెండో రకం తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గారు. 2019లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. గమనించండి, మనుషులు మారలేదు. ఒకే మనిషి మనోనిబ్బరం రెండు వారాల్లో సన్నగిల్లి, మరో రెండు వారాల్లో గట్టిపడిందా? మారింది పళ్లెంలోదే. ప్రాసెస్ చేసినది వాళ్లు వేగంగా కూడా తిన్నారు. మెత్తగా, నమలకుండానే జారిపోయే తిండి అయితే, చాలన్న కబురు పొట్ట నుంచి మెదడుకు చేరేలోపే పొట్లం ఖాళీ అవుతుంది. ఫాస్ట్‌ఫుడ్ మెనూలో ఎక్కువ భాగం ఈ కోవలోదే.

పెద్దవాళ్ల సంగతి ఇలా ఉంటే, పిల్లల సంగతి తలచుకుంటే నాకు కోపం వస్తుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో థామస్ రాబిన్సన్ బృందం మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 63 మందికి ఒకే పదార్థాన్ని రెండు పొట్లాల్లో ఇచ్చింది. ఒకటి సాదా కాగితం, రెండోదాని మీద మెక్‌డొనాల్డ్స్ గుర్తు. ఆ సంస్థతో సంబంధం లేని క్యారెట్లు, పాలు కూడా ఆ గుర్తు ఉన్న పొట్లంలోంచి తీసుకుంటేనే ఎక్కువమందికి రుచిగా అనిపించాయి. 2007 నాటి అధ్యయనమిది. చదవడం రాని పిల్లవాడి నాలుక మీద ఒక కంపెనీ ముద్ర కూర్చుని ఉంది. ఆ పిల్లవాడు పెద్దయ్యాక 'నాకిదే ఇష్టం' అంటే, ఆ ఇష్టంలో అతనిదెంత?

ఇంత చెప్పాక కూడా, అక్కడ తినేవాళ్లను నిందించడం నాకు చేతకాదు. రెండు షిఫ్టులు చేసి పొద్దుపోయాక ఇల్లు చేరే తల్లికి స్టవ్ వెలిగించే ఓపిక ఉండదు. పిల్లలు ఆకలితో ఉంటారు. ఐదు నిమిషాల్లో వేడిగా, చవగ్గా, పిల్లలు పేచీ పెట్టకుండా తినేది దొరికితే ఆమె దాన్నే కొంటుంది. ఆమె స్థానంలో నేనున్నా కొంటాను. వంట నేర్చుకోండి, ఓపిక తెచ్చుకోండి అని ఆమెకు చెప్పడం సులువు. ఆ కాంబోను అంత పెద్దదిగా, అంత ఉప్పగా తయారుచేసినవాళ్లను అడగడమే మనం మర్చిపోతున్నాం.

అడిగినచోట ఫలితం కనబడింది. 2003లో డెన్మార్క్, నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టి గుండెకు చేటు చేసే పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వులకు కఠినమైన పరిమితి పెట్టింది. తినేవాళ్లు ఏ లేబులూ చదవనక్కర్లేకుండానే ఆ హాని పళ్లెంలోంచి తప్పుకుంది. ఫ్రైస్ అమ్మకాలేమీ ఆగిపోలేదు. చిలీ 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల మీద ఎనిమిది పలకల నల్లటి హెచ్చరిక వేయించి, పిల్లలను ఆకట్టుకునే కార్టూన్ బొమ్మల్ని వాటిమీంచి తీయించింది. హెచ్చరిక పడిన తీపి పానీయాల కొనుగోళ్లు సుమారు 24 శాతం తగ్గాయని ఆ తర్వాతి అధ్యయనం తేల్చింది. అరకొర నిబంధన పెడితే ఏమవుతుందో శాన్ ఫ్రాన్సిస్కోలో చూశాం. పోషక ప్రమాణాలు పాటించని పిల్లల భోజనంతో ఉచితంగా బొమ్మ ఇవ్వకూడదని ఆ నగరం నియమం తెచ్చింది. 2011 డిసెంబరులో అది అమల్లోకి రాగానే మెక్‌డొనాల్డ్స్ ఆ బొమ్మను 10 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టింది. భోజనం అదే, బొమ్మ అదే.

మెనూ మీద క్యాలరీల అంకెలు రాయించడం నాకు తప్పనిపించదు. కానీ అది కూడా బరువును మళ్లీ తినేవాడి నెత్తినే పెడుతుంది. ఆకలితో, వెనక క్యూతో నిలబడ్డవాడు లెక్కలు వేసుకోడు. మార్చాల్సింది ఆ తెరను. ఒప్పుకునే బటన్, వద్దనే బటన్ ఒకే సైజులో, ఒకే రంగులో ఉండాలి. ఒకసారి వద్దన్నాక మళ్లీ అడగకూడదు. ఏం కోరుకున్నా మొదట వచ్చేది చిన్న సైజే కావాలి. పెద్దది కావలసినవాళ్లు నోరు తెరిచి అడిగి తీసుకోవచ్చు.